పెరటి మందారంతో ఉపాధి: ఏం చేయాలి, ఏం చెప్పకూడదు

ఇంటిపట్టున ఉండి నాలుగు డబ్బులు సంపాదించుకోవాలనుకునే గృహిణులకు, చిన్న బ్యూటీపార్లర్ నడుపుకునేవారికి, డ్వాక్రా సంఘాల సభ్యులకు మందారం ఎప్పుడూ కళ్లెదుటే కనిపించే ముడిసరుకు. మొక్కకు పెద్ద ఖర్చు లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తుంది. తలకు మంచిదన్న నమ్మకం జనంలో ముందునుంచే ఉంది కాబట్టి కొత్తగా నచ్చజెప్పాల్సిన పనీ లేదు. మందార నూనె, మందార పొడి, ముఖానికి పూత అంటూ చాలామంది ఉత్సాహంగా మొదలుపెడతారు. మధ్యలో మానేసినవారిని కదిపితే మాత్రం రెండు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. ఒకటి, సరుకు బూజుపట్టిందనో కంపు కొట్టిందనో. రెండోది, ఒకసారి కొన్నవారు మళ్లీ రాలేదని.

మొదటిది తయారీలో లోపం. రెండోది మాటలో లోపం. రెండింటినీ సరిదిద్దుకోవచ్చు. మందారం చేసే మేలు చిన్నదే, కానీ నిజమైనది. ఆ మేలును ఉన్నంతవరకే చెప్పి, సరుకును శుభ్రంగా చేసి, చట్టప్రకారం అమ్మినవారికే ఈ పని నిలకడగా అన్నం పెడుతుంది. అందుకు ఏమేం తెలిసుండాలో వరుసగా చూద్దాం.

అసలు మందారంలో ఏముంది?

మన పెరట్లో పూసే మందారం శాస్త్రీయ నామం హైబిస్కస్ రోజా-సైనెన్సిస్. ఆయుర్వేద గ్రంథాల్లో జపా అంటారు. పత్తి, బెండ, గోంగూర దీని చుట్టాలే. బెండకాయ కోసినప్పుడు చేతికి అంటుకునే జిగురు లాంటిదే మందార ఆకులోనూ, రెక్కలోనూ ఉంటుంది. తలకు మందారం చేసే మేలులో ఎక్కువ భాగం ఈ జిగురుదే. నూరిన ఆకు తలకు పట్టించినప్పుడు ఆ జిగురు వెంట్రుక చుట్టూ పలచటి పొరలా పరుచుకుంటుంది. చిక్కు తేలిగ్గా వస్తుంది, దువ్వెన సాఫీగా దిగుతుంది, దువ్వేటప్పుడు తెగిపోయే వెంట్రుకలు తగ్గుతాయి. చర్మం మీద కూడా ఇదే పొర కాసేపు తేమను పట్టి ఉంచుతుంది. పొడిబారిన చర్మం మెత్తగా అనిపించేది అందుకే.

మరి జుట్టు మొలిపిస్తుందా? 2003లో చెన్నై శాస్త్రవేత్తలు మందార ఆకు, పువ్వుల సారాలను ఎలుకల మీద పరీక్షించి ఫలితాలు ప్రచురించారు. వెంట్రుకల పెరుగుదల మీద ప్రభావం కనిపించింది. అందులోనూ పువ్వు కంటే ఆకు సారమే బాగా పనిచేసింది. ఈ ఫలితంలో మనం గుర్తుంచుకోవలసినవి రెండున్నాయి. మొదటిది, పువ్వుతో పాటు ఆకునూ వాడడం మన పెద్దవాళ్ల అలవాటు. ఆ అలవాటును వదులుకోకూడదు. రెండోది, అది ఎలుకల మీద, ప్రయోగశాలలో తీసిన సారంతో చేసిన పని. మన బాండీలో కాచిన నూనె మనిషి బట్టతల మీద జుట్టు మొలిపిస్తుందని దాన్ని పట్టుకుని చెప్పడానికి వీల్లేదు.

ఇంకొక గందరగోళం కూడా తీర్చుకోవాలి. సూపర్‌మార్కెట్లలో ‘హైబిస్కస్ టీ’ పేరుతో దొరికే ఎర్రటి పుల్లటి పానీయం పెరటి మందారంతో చేసేది కాదు. అది గోంగూర జాతి మొక్క కాయను చుట్టి ఉండే ఎర్రటి, కండగల తొడుగులతో చేసేది. 2010లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 65 మందితో చేసిన అధ్యయనంలో రక్తపోటు తగ్గిందన్నది ఈ టీతోనే. రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవారిలో పై అంకె సగటున 7 పాయింట్ల మేర తగ్గింది. ఆ ఫలితాన్ని తెచ్చి మన మందార రేకుల పొట్లం మీద అచ్చువేయడం అబద్ధమే అవుతుంది. చర్మాన్ని నునుపు చేస్తాయని చెప్పే పండ్ల ఆమ్లాలు కూడా ప్రధానంగా ఆ గోంగూర తొడుగులోవే. రెంటినీ కలిపి మాట్లాడే ప్రకటనలు చూసి మోసపోకండి, మీరూ అలా రాయకండి.

కోత, ఆరబెట్టడం: సగం నాణ్యత ఇక్కడే

మందారం ఒక్కపూట పువ్వు. పొద్దున విచ్చుకుంటుంది, సాయంత్రానికి ముడుచుకుంటుంది. మంచు ఆరాక, ఎండ ముదరకముందే కోయాలి. నేల మీద రాలినవి, ముడుచుకున్నవి అమ్మకానికి పనికిరావు. ఒంటిరెక్క ఎర్ర మందారాన్నే ఎంచుకోవడం మేలు. ముద్ద మందారంలో రెక్కలు గుత్తుగా ఉండి లోపలి తడి త్వరగా ఆరదు. చీమలు, చిన్న పురుగులు ఆ మడతల్లో దాక్కుంటాయి.

కోసిన పువ్వును అలాగే ఎండబెట్టే అలవాటు మానుకోవాలి. ఆకుపచ్చని తొడిమ తీసేయాలి. మధ్యలో పుప్పొడితో నిలబడే కాడను లాగేయాలి. పుప్పొడి కొందరికి పడదు, పైగా పొడిలో కలిస్తే త్వరగా ముక్కవాసన వస్తుంది. రెక్కలను ఒక్కసారి మంచినీళ్లలో జాడించి, గుడ్డ మీద నీళ్లు ఇంకనిచ్చి, నీడలో గాలి ఆడేచోట ఒక్క వరుసగా పరవాలి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. వర్షాకాలంలో నీడన ఆరవు. అప్పుడు 40 నుంచి 45 డిగ్రీల వేడిలో పనిచేసే చిన్న డ్రయ్యర్ అవసరం పడుతుంది. నలుగురు కలిసిన సంఘానికి ఇది మొదట కొనదగ్గ యంత్రం.

ఆరిందో లేదో చేత్తోనే తెలుస్తుంది. రెక్కను గుప్పిట్లో నలిపితే కరకరలాడుతూ పొడి కావాలి. తోలులా వంగితే ఇంకా తడి ఉన్నట్టు. తడి ఉన్న రెక్కను డబ్బాలో పోస్తే వారంలో బూజు. బూజుపట్టినదాన్ని ఎండలో పెట్టి దులిపి వాడటం ఎంతమాత్రం తగదు. పారబోయడమే మార్గం.

పచ్చి రెక్కలో నూటికి దాదాపు 90 పాళ్లు నీరే. కిలో ఎండు రెక్కలు రావాలంటే సుమారు పది కిలోల పచ్చి రెక్కలు కోయాలి. ఎవరైనా పెద్ద ఆర్డరు ఇస్తామంటే ఈ లెక్క వేసుకున్నాకే ఒప్పుకోండి.

పూల మూలం మీద కూడా శ్రద్ధ ఉండాలి. నర్సరీలో కొన్న మొక్కకు పురుగుమందు కొట్టి ఉండే అవకాశం ఎక్కువ, కాబట్టి తొలి పూతలను వాడవద్దు. మందారానికి పిండినల్లి బెడద మామూలే. దాన్ని వేపనూనెతో, సబ్బునీళ్లతో, పురుగు పట్టిన కొమ్మలు కత్తిరించి అదుపు చేసుకోవాలి. రోడ్డు పక్క మొక్కల పూలు, గుడిలో దేవుడికి పెట్టి తీసిన నిర్మాల్యం మందారాలు చౌకగా వస్తాయని తలనూనెలోకి తేకండి. వాటి మీద పొగ, దుమ్ము, మందు ఏం ఉన్నాయో మీకు తెలియదు. తొలకరిలో పెన్సిల్ మందం కొమ్మలు నాటితే సులభంగా వేళ్లూనుతాయి. పూత కొత్త చిగుళ్లకే వస్తుంది, కాబట్టి ఏటా కత్తిరింపు తప్పదు.

నూనె కాచడం

ముందుగా ఒక నిజం. మందార రెక్కలోని ఎరుపు నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. అందుచేత కొబ్బరినూనెలో ఎన్ని ఎర్ర మందారాలు కాచినా నూనె ఎర్రబడదు. ఆకు కూడా వేస్తే ఆకుపచ్చగా, లేకపోతే లేత గోధుమరంగులో ఉంటుంది. అంగట్లో ఎర్రగా మెరిసే మందార నూనె కనిపిస్తే అందులో వేరే రంగుగానీ, వేరే మూలికగానీ కలిసిందనే అర్థం. కొనేవారు ‘మీ నూనె ఎర్రగా లేదేం’ అని అడుగుతారు. రంగు కలపకండి. ఈ కారణాన్నే రెండు ముక్కల్లో చెప్పండి, వీలైతే లేబుల్ మీద రాయండి. నిజం చెప్పి అమ్మడం ఇక్కడినుంచే మొదలవుతుంది.

నూనె కాచడానికి ఆయుర్వేదంలో ఒక కొలత ఉంది. నూరిన ముద్ద ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, రసంగానీ కషాయంగానీ పదహారు పాళ్లు. అంటే కిలో నూనెకు పావుకిలో ముద్ద, నాలుగు కిలోల ద్రవం. అడుగు మందంగా ఉన్న గిన్నెలో, సన్నని సెగ మీద, అడుగంటకుండా కలుపుతూ నీరంతా ఇగిరేదాకా కాయాలి. ఎప్పుడు దించాలో తెలుసుకునే గుర్తులు మూడున్నాయి. నూనె మీద నురుగు లేస్తుంది. అడుగున ఉన్న ముద్దను తీసి వేళ్ల మధ్య నులిమితే వత్తిలా సాగుతుంది. ఆ వత్తిని నిప్పు మీద పెడితే చిటపటలాడకుండా కాలుతుంది. చిటపట వినిపించిందంటే ఇంకా నీరు మిగిలి ఉన్నట్టే. నీరు మిగిలిన నూనె త్వరగా పాడవుతుంది. ముద్ద నల్లగా మాడి పొగ వచ్చిందంటే పాకం ముదిరినట్టు. ఆ గిన్నె సరుకు అమ్మకానికి పనికిరాదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఎండు పద్ధతి సులువు. బాగా ఆరిన రెక్కలు, ఆకులు కలిపి 100 గ్రాములు, లీటరు కొబ్బరినూనె తీసుకుని, నేరుగా మంట మీద కాకుండా మరిగే నీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి గంట రెండు గంటలు వెచ్చబెట్టండి. ఒక రోజు అలాగే ఉంచి, పలచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. తడి ప్రసక్తే లేదు కాబట్టి పాడయ్యే ప్రమాదం తక్కువ. ఈ కొలతతో మొదలుపెట్టి మీ అనుభవాన్ని బట్టి మార్చుకోండి, మార్చినదాన్ని మాత్రం తప్పకుండా రాసిపెట్టుకోండి.

సీసాలు కడిగాక పూర్తిగా ఆరాలి. ఒక్క నీటిబొట్టు చాలు, సరుకు చెడిపోవడానికి. ముదురు రంగు సీసాల్లో వెలుతురు తగ్గి నూనె ఎక్కువకాలం నిలుస్తుంది. కొబ్బరినూనె 24 డిగ్రీల దరిదాపుల్లో గడ్డకడుతుంది. చలికాలంలో ‘గడ్డకట్టింది, కల్తీ’ అంటూ సీసా వెనక్కి తెచ్చేవారుంటారు. ‘చలికి గడ్డకట్టడం సహజం, గోరువెచ్చని నీళ్లలో ఉంచితే కరుగుతుంది’ అన్న ఒక్క వాక్యం లేబుల్ మీద ఉంటే ఆ తగాదా ఉండదు.

ప్రతి గిన్నెకూ ఒక సంఖ్య ఇచ్చి, తేదీ, పూలు ఎక్కడివి, ఎంత బరువు, నూనె ఎక్కడ కొన్నది, ఎంతసేపు కాచింది ఒక పుస్తకంలో రాయండి. ఆ గిన్నెలోంచి ఒక సీసా అమ్మకుండా పక్కన దాచండి. ఆరు నెలల తర్వాత ఎవరైనా ఫిర్యాదు చేస్తే, తప్పు మీదా, వాళ్లు ఎండలో పెట్టారా అన్నది ఆ దాచిన సీసాయే చెబుతుంది.

పొడి, పూత: పార్లర్ నడిపేవారికి

పచ్చి ఆకు నూరిన ముద్ద, కలబందతో కలిపిన జిగురు, నీళ్లతో కలిపిన ఏ పూత అయినా తాజాగా చేసి అప్పుడే వాడాలి. ఫ్రిజ్‌లో పెట్టినా రెండు రోజులు దాటనివ్వకండి. నీరు ఉన్నచోట సూక్ష్మజీవులు పెరుగుతాయి, తగిన నిల్వ రసాయనం లేకుండా ఇలాంటివి సీసాల్లో పోసి అమ్మడం కొనేవారి చర్మంతో ఆడుకోవడమే. అమ్మకానికి ఎండు పొడి, నీరు తగలని నూనె, ఈ రెండే మొదలుపెట్టేవారికి క్షేమం.

పొడిని బయట కొని వాడేవారు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. చెంచా పొడిని వేడినీళ్లలో నానబెట్టి వడకట్టి, ఆ నీటిని రెండు గిన్నెల్లో పోయండి. ఒకదానిలో నిమ్మరసం, ఇంకోదానిలో చిటికెడు వంటసోడా వేయండి. అసలైన ఎర్ర మందారమైతే నిమ్మరసానికి ముదురు గులాబీ రంగు, సోడాకు ఆకుపచ్చ రంగు తిరుగుతుంది. ఏడో తరగతి సైన్సు పాఠంలో పిల్లలు చేసే ప్రయోగమే ఇది. రంగు మారకపోతే ఆ పొడిలో రెక్కలు తక్కువ, రంగు ఎక్కువ అని అనుమానించాలి. పార్లర్‌లో కస్టమర్ ముందే చేసి చూపిస్తే మీ సరుకు మీద నమ్మకం కూడా పెరుగుతుంది.

తలకు పూత వేసేటప్పుడు ఆకు ముద్ద, కొద్దిగా పెరుగు లేదా మెంతి ముద్ద కలిపి అరగంట ఉంచి, కుంకుడు రసంతో కడిగితే చాలు. గంటలతరబడి తడి తలతో కూర్చోబెట్టినందువల్ల అదనపు లాభం లేదు, సైనస్ బాధ ఉన్నవారికి నష్టమే. ముఖానికి వేసే పూతలో నిమ్మరసం కలిపే అలవాటు చాలామందికి ఉంది. నిమ్మజాతి రసం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కొందరికి బొబ్బలు, నల్లమచ్చలు వస్తాయి. పొలం పని, ట్రాఫిక్ డ్యూటీ, డెలివరీ పని చేసేవారికి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నిమ్మరసం మానేసి పెరుగో, తేనెనో వాడండి.

సహజమైనదంటే అందరికీ పడుతుందని కాదు. కొత్త కస్టమర్‌కు ముందురోజు మోచేతి లోపలివైపు రూపాయి బిళ్లంత పూత వేసి 24 గంటలు చూడమనండి. దురద, ఎరుపు, మంట వస్తే ఆ మనిషికి మందారం వద్దు. పుండ్లు, గీరుకున్న చోట్లు, గజ్జి, తామర ఉన్న చర్మం మీద వేయకూడదు. మందార పువ్వు సారం గర్భధారణను అడ్డుకునే గుణం చూపినట్టు జంతువుల మీద జరిగిన పరిశోధనల్లో తేలింది. అందువల్ల గర్భిణులు, పిల్లలకోసం ప్రయత్నిస్తున్నవారు మందారాన్ని లోపలికి తీసుకోకుండా ఉండాలి. రక్తపోటుకు, షుగరుకు మందులు వాడేవారు పైన చెప్పిన గోంగూర తొడుగుల టీని రోజూ తాగాలనుకుంటే డాక్టరును అడిగాకే తాగాలి.

మీ దగ్గరికి వచ్చేవారిలో కొందరికి కావలసింది పూత కాదు, వైద్యం. రూపాయి బిళ్ల ఆకారంలో జుట్టు ఊడిన పేనుకొరుకుడు మీద మందార రెక్కలు రుద్దే ఆచారం మనదగ్గర ఉంది. అది శరీరంలోని రోగనిరోధక శక్తి తన వెంట్రుకల కుదుళ్ల మీదే దాడి చేయడం వల్ల వచ్చేది. చర్మవైద్యుడు చూడాలి. కొద్దివారాల్లో గుప్పిళ్లుగా ఊడిపోవడం, కాన్పు తర్వాత నెలలు గడిచినా తగ్గకపోవడం, జుట్టుతో పాటు నీరసం, బరువు మారడం ఉంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోమని చెప్పండి. డబ్బు వచ్చే మనిషిని డాక్టరు దగ్గరికి పంపడం నష్టం అనుకోకండి. అలా చెప్పిన పార్లర్‌ను ఆ ఇంటిల్లిపాదీ గుర్తుపెట్టుకుంటారు.

చట్టం ఏమంటుంది?

‘ఇంట్లో చేసిందే కదా, లైసెన్సు ఎందుకు’ అన్నది అందరూ అడిగే మాట. మీ ఇంటివాళ్లకు చేసుకుంటే అక్కర్లేదు. పార్లర్‌లో అప్పటికప్పుడు నూరి కస్టమర్ తలకు పెట్టడం సేవ కిందికి వస్తుంది. స్థానిక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు ఉంటే ఆ పని నడుస్తుంది. కానీ సీసాలో పోసి, పేరు పెట్టి, అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టగానే అది సౌందర్య సాధనం అవుతుంది. దానికి 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ వర్తిస్తాయి. రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారులకు కాస్-5 ఫారంలో దరఖాస్తు చేస్తే కాస్-8 ఫారంలో లైసెన్సు ఇస్తారు. తయారీకి వంటగదితో సంబంధం లేని శుభ్రమైన చోటు, ఫార్మసీ డిప్లొమాగానీ కెమిస్ట్రీతో ఇంటర్‌గానీ చదివిన సాంకేతిక బాధ్యుడు కావాలి. ఆయుర్వేద గ్రంథాల పద్ధతిలో చేసి ఆయుర్వేద ఔషధంగానే అమ్మాలనుకుంటే దారి వేరు: 24-డి ఫారంలో దరఖాస్తు, 25-డి లైసెన్సు, షెడ్యూల్-టి లో చెప్పిన తయారీ ప్రమాణాలు.

చిన్నవారికి ఇదంతా భారమనిపిస్తే మధ్యేమార్గాలున్నాయి. ఇప్పటికే లైసెన్సు ఉన్న యూనిట్‌లో మీ సరుకు చేయించుకునే లోన్ లైసెన్సు ఒకటి. దానికి కాస్-6 లో దరఖాస్తు, కాస్-9 లో అనుమతి. లేదంటే మీరు నూనె జోలికి పోకుండా, శుభ్రంగా ఆరబెట్టిన రెక్కలు, ఆకులు ముడిసరుకుగా తయారీదారులకు అమ్మండి. పల్లెల్లోని సంఘాలకు మొదటి రెండేళ్లు ఇదే అన్నిటికంటే తెలివైన దారి అని నా అభిప్రాయం. చేతికి పని వస్తుంది, నాణ్యత అలవడుతుంది, చట్టం చిక్కులు తక్కువ. తినే, తాగే వస్తువుగా అమ్మితే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

లేబుల్ మీద ఉత్పత్తి పేరు, తయారీదారు పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారైన నెల, ఎప్పటిలోగా వాడాలి, పదార్థాల జాబితా, నికర పరిమాణం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో ఉచితం; దానికి డబ్బు అడిగే దళారులను నమ్మకండి. పెట్టుబడికి ముద్ర రుణాల్లో శిశు విభాగం కింద 50 వేల వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు బ్యాంకులు ఇస్తాయి. ఔషధ మొక్కల సాగు, శుద్ధి మీద శిక్షణకు హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రాన్ని, మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రాన్ని అడగండి.

నోటి మాటకూ చట్టముంది

చట్టం దృష్టిలో సౌందర్య సాధనమంటే శుభ్రపరిచేది, అందాన్ని పెంచేది, రూపాన్ని మార్చేది. రోగాన్ని నయం చేస్తుందని చెప్పిన క్షణంలో అది మందు అవుతుంది, మీ లైసెన్సు దానికి చాలదు. ‘చుండ్రు నయమవుతుంది’, ‘బట్టతలకు జుట్టు వస్తుంది’, ‘తెల్ల జుట్టు నల్లబడుతుంది’, ‘చర్మం తెల్లబడుతుంది’ ఇవేవీ రాయకండి, వాట్సాప్ స్టేటస్‌లోనూ పెట్టకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తొలిసారే 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఇంటి నుంచి నడిపే ఏ చిన్న వ్యాపారం ఆ దెబ్బకు తట్టుకోగలదు?

చెప్పదగ్గ మాటలు తక్కువేం కాదు. ‘జుట్టు మెత్తగా ఉంటుంది’, ‘చిక్కు తేలిగ్గా వస్తుంది’, ‘పొడిబారిన జుట్టుకు తైలం పట్టినట్టుంటుంది’, ‘రంగు కలపలేదు’, ‘పూలు మా తోటవి’. ఇవన్నీ నిజాలు. మొదటి తలస్నానంతోనే కొన్నవారికి తెలిసేవి కూడా. నెలలో జుట్టు మొలుస్తుందని చెప్పి అమ్మిన సీసా మళ్లీ అమ్ముడుపోదు. చిక్కు తేలిగ్గా వస్తుందని చెప్పి అమ్మిన సీసా అయిపోగానే ఫోన్ వస్తుంది.

లెక్క రాసుకోండి

ధర పెట్టేటప్పుడు చాలామంది తమ కూలిని కలపరు. 100 మిల్లీలీటర్ల సీసాకు ఒక లెక్క వేసి చూద్దాం. ఈ అంకెలు పద్ధతి చూపడానికే. మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. నూనెకు 45, రెక్కలకు ఆకుకు 8, గ్యాసుకు 4, సీసా మూతకు 14, లేబుల్‌కు 4, పెట్టె, రవాణాకు 10, మీ కూలి 20. మొత్తం 105. పగిలినవి, ఒలికినవి, దాచిపెట్టిన నమూనాలు కలిపి ఇంకో 5. అంటే 110 రూపాయలు.

దీన్ని 180 రూపాయల ధరకు దుకాణంలో పెట్టారనుకోండి. దుకాణదారు 30 శాతం తీసుకుంటే 54 పోతుంది. జీఎస్టీ పరిధిలో ఉంటే మరో ఎనిమిదిన్నర పోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి తలనూనె మీద పన్ను 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గినందువల్ల ఇంతతో సరిపోయింది. మీ చేతికి వచ్చేది సుమారు 117, అందులో లాభం ఏడు రూపాయలు. అదే సీసా మీరే నేరుగా అమ్మితే 60 రూపాయల దాకా మిగులుతుంది. అందుకే తొలిదశలో దుకాణాల వెంట పడకుండా మీ వీధి, మీ సంఘం, మీ పార్లర్ కస్టమర్లు, ఊళ్లో జరిగే సంతలు, డ్వాక్రా బజార్లు చూసుకోండి. వేరే రాష్ట్రానికి అమ్మాలంటే టర్నోవరుతో నిమిత్తం లేకుండా జీఎస్టీ నిబంధనలు చూసుకోవాలి, ఆ అడుగు వేసేముందు ఒకసారి అకౌంటెంట్‌ను కలవండి.

అప్పుగా సరుకు ఇవ్వడం, అడిగిన ప్రతివారికీ ఊరికే సీసా ఇవ్వడం ఈ లెక్కను ముంచేస్తాయి. నమూనాకు 10 మిల్లీలీటర్ల చిన్న సీసా చేయించుకోండి. ఉద్యోగం చేస్తూ పక్కన ఈ పని మొదలుపెట్టినవారు, వరసగా ఆరు నెలలు కూలి పోను లాభం కనిపించేదాకా ఉద్యోగం మానవద్దు.

మొదలుపెట్టదలచినవారు ఈ నెలలో మూడు పనులు చేయండి. మీ పెరట్లో, ఇరుగుపొరుగు పెరళ్లలో మందు కొట్టని ఒంటిరెక్క మందారాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. ఒక కిలో పచ్చి రెక్కలు నీడన ఆరబెట్టి ఎంత బరువు మిగిలిందో తూచి రాయండి. అమ్మదలచినది నూనా, పొడా, ముడిసరుకా తేల్చుకుని ఔషధ నియంత్రణ కార్యాలయానికి వెళ్లి ఏ లైసెన్సు కావాలో అడిగి తెలుసుకోండి. ఈ మూడూ అయ్యాకే సీసాలకు, లేబుళ్లకు డబ్బు పెట్టండి.